ముందు బండి, వెనక బండి

ఏం ఉద్యోగం అని ఎవరైనా అడిగితే, చెరిపే పని అని చెబుతాను. నవ్వుతారు. నవ్వనీ. మా కంపెనీలో కట్టేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. కట్టినదాన్ని పక్కదానికి దెబ్బ తగలకుండా తీసేయమంటే మాత్రం అందరూ నా వైపే చూస్తారు. విజయనగరంలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, ఎక్కడో చల్లటి గదుల్లో నడుస్తున్న కంప్యూటర్లను ఒక్క వరుస టైపు చేసి లేకుండా చేస్తాను. పదకొండేళ్లుగా ఇదే పని. గొప్పలు చెప్పుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే గానీ, ఈ గొప్ప మాత్రం నిజం.

ఈ పనికి నేను వాడే పనిముట్టులో బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. నాకు ఏమేం మిషన్లు కావాలో ఒక ఫైలులో జాబితా రాసిపెడతాను. అది ఆ జాబితా చదువుకుని లేనివి తయారు చేస్తుంది, ఉన్నవాటి జోలికి పోదు. జాబితాలోంచి ఒక వరుస తీసేస్తే, ఆ వస్తువు ఇక అక్కర్లేదు కాబోలనుకుని దాన్ని చెరిపేస్తుంది. మొత్తం ఎత్తేయాలంటే ఒకే ఒక్క మాట చాలు. కాకపోతే చేసే ముందు ఒకసారి ఆగి, ఇదిగో ఇన్ని చెరుపుతున్నాను, ఇవీ వాటి పేర్లు, సరేనా అని అడుగుతుంది. ఎస్ అని పూర్తిగా టైపు చేసేదాకా కదలదు. టైపు చేశాక ఎవరు మొత్తుకున్నా ఆగదు.

దీన్ని నేర్చుకున్న మొదటిరోజు పక్కనున్నవాళ్లంతా తలలు పట్టుకుంటే నాకు మాత్రం ఎక్కడో చూసిన పనే అనిపించింది. మా నాన్న సాలూరులో ఒక చిన్న లారీ ఆఫీసులో గుమస్తా. ఆఫీసు గోడకి నల్లబోర్డు. లోడు కోసం ఎదురుచూస్తున్న లారీల నంబర్లు, వచ్చిన వరుసలోనే, దాని మీద సుద్దముక్కతో రాసి ఉండేవి. దాన్నే సీరియల్ అంటారు. ఒడిశా జైపూరుకో రాయపూరుకో లోడు వస్తే మొదటి నంబరుకి ఇస్తారు. ఇచ్చాక ఆ నంబరు చెరిపి, కింద ఉన్నవాళ్లంతా ఒక మెట్టు పైకి జరిగినట్టు. లారీకి రోడ్డు మీద ఏ పేరు రాసున్నా మా యార్డులో చివరి నాలుగంకెలే పేరు. బండికీ అదే పేరు, దాని మనిషికీ అదే పేరు.

చెరిపే ముందు నాన్నకి ఒక పద్ధతి ఉండేది. తడిగుడ్డ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఆ నంబరుని మూడుసార్లు గట్టిగా చదివేవాడు. టీ తాగుతున్నవాళ్లు, గాలి చూడ్డానికి టైర్లు కొడుతున్నవాళ్లు తలెత్తేవారు. ఎవరికైనా అభ్యంతరముంటే అప్పుడే చెప్పాలి. ఆ బండి మనిషి 'ఉన్నాను' అనాలి. మూడు పిలుపులకీ పలకకపోతే అతని వంతు పోయినట్టే, నంబరు అట్టడుగుకి వెళ్తుంది. పలికితే నంబరు చెరిపేవాడు, లారీ ఘాట్‌రోడ్డు ఎక్కేది. అందుకని చెరపడం అంటే నా మనసులో ఎప్పుడూ చావు కాదు, ప్రయాణం. సాలూరు బోర్డు మీద చెరిగిన బండి నాలుగురోజుల తర్వాత రాయపూరులో ఏదో బోర్డు మీద ఉండేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

రెండేళ్ల కిందట ఆ సీరియల్‌ని ఫోన్లలోకి ఎక్కించింది నేనే. నాన్న వారం రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఎనిమిదోరోజునుంచి ఆ ఆఫీసులో నాకంటే పెద్ద ప్రచారకుడు ఆయనే. అంతకుముందు, వంతు వచ్చేదాకా డ్రైవర్లు యార్డు వదిలి కదలడానికి లేదు. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు కదా. ఇప్పుడు తన ముందు ఎన్ని బండ్లున్నాయో ఫోనులో చూసుకుని, పదిరోజుల నిరీక్షణలో రెండు రోజులు ఇంటికి వెళ్లొస్తున్నారు. ఒకాయన ఆదివారం అరసవల్లి వెళ్లి దేవుడికి దండం పెట్టుకొస్తాడు. ఇంకొకాయన తన ఊరి చర్చిలో పాట పాడి వస్తాడు. గేటు దగ్గర వచ్చిన బండ్లు రాసే పుస్తకం కూడా మాన్పించేశాను, అంతా ఫోనులోనే ఉంటుందిగా అని. నల్లబోర్డు మీద ఎవరో క్యాలెండర్ తగిలించారు.

ఈ మధ్య పాత మిషన్లు నెమ్మదించాయి. కొత్తవి వేరే జాబితాలో తయారుచేశాను. సీరియల్ దాచి ఉన్న నిల్వ పెట్టెని కొత్త జాబితాకి అప్పగించి, మిగతా పాతవన్నీ చెరిపేస్తే పని అయిపోతుంది. ఇంట్లో కూర్చునే చేయొచ్చు. కానీ నాన్న ముందు చేసి చూపించాలని సరదా పుట్టింది. ఒక శనివారం పొద్దున్నే బస్సెక్కి, పదిన్నరకల్లా సాలూరు ఆఫీసులో నాన్న బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను.

నాన్న కళ్లద్దాలు సర్దుకుని పక్కన కూర్చున్నాడు.

"ఏటి సెరుపుతన్నావు?"

"పాతయి ఎనిమిది. రెండు నిమిషాల పని."

"సదివి సెరుపు."

"నాన్నా, ఇవి లారీలు కావు. ఎవులూ 'ఉన్నాను' అనరు."

"అనకపోతే మానె. సెరిపేది ఏదైనా సదవాల."

పదకొండేళ్ల అనుభవం ఉన్నదానికి పాఠం చెబుతున్నాడని నవ్వొచ్చింది. నా బుర్ర అప్పటికే ఆకాశంలో ఉంది. నిల్వ పెట్టె వరుసని పాత ఫైలులోంచి తీసేశాను. అంటే నా లెక్కలో, పాత బోర్డు మీంచి ఆ నంబరు తుడిచాను, ఇక కొత్త బోర్డు మీద రాసుకుంటాను. వస్తువుని ఏమీ చేయకుండా కేవలం మరిచిపొమ్మని చెప్పడానికి ఈ పనిముట్టులో విడిగా ఒక ఆజ్ఞ ఉంది. అది నాకు తెలుసు. పదిమందికి నేర్పాను కూడా. కానీ ఆ రోజు ఆ గదిలో, ఆ బోర్డు పక్కన కూర్చున్నాక, నా చేయి నాకు ఉద్యోగం నేర్పిన పని చేయలేదు. ఆ తడిగుడ్డ నేర్పిన పని చేసింది.

తరవాత, అన్నీ ఎత్తేయమనే ఆ ఒక్క మాటా కొట్టాను. తెర మీద తొమ్మిది పేర్లు వచ్చాయి. తొమ్మిది చెరుపుతున్నాను, సరేనా అంది. నేను ఎనిమిదే అనుకుంటున్నాను కాబట్టి ఎనిమిదే చూశాను. ఎస్ అని కొట్టాను.

పేర్లు ఒక్కొక్కటే మాయమవుతూ వచ్చాయి. ఆఖరిది, తొమ్మిదోది, నిల్వ పెట్టె పేరు. వరుస తీసేస్తే చెరపమన్నట్టే దానికి. చూస్తూండగానే పోయింది. 

దానికి తాళం వేసి ఉంచాను. పొరపాటున ఎవరూ చెరపకుండా ఒక మాట రాసి ఉంచాను. ఆ మాట ఉన్నది నేను తీసేసిన ఆ వరుసలోనే. తలుపుతో పాటు తాళం కూడా నేనే పీకి పడేశాను. రోజూ తీసే కాపీలు కూడా ఆ పెట్టెకే కట్టి ఉన్నాయి, దానితోపాటే పోయాయి. ఇన్నేళ్లలో వేరేవాళ్లు ఇలా చేస్తే నేను ఎంత వెటకారం చేశానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది.

అప్పుడే ఫోను మోగింది. ఇరవై ఏడు సున్నా ఆరు. ఒక్క బండి ఉన్న మనిషి, తనే ఓనరు, తనే డ్రైవరు. భార్యని పురుటికి విజయనగరం ఆసుపత్రిలో చేర్పించి అక్కడే ఉన్నాడు.

"సెల్లీ, ఫోనులో తెల్లగా వస్తన్నాది. నా నంబరు ఏటైనాది?"

ఆయన సీరియల్‌లో రెండోవాడు. పదకొండు రోజులనుంచి ఎదురుచూస్తున్నాడు. మర్నాటికి ఉన్నవి రెండే లోడ్లు, రెండూ రాయపూరువే. ఆ రోజే, శనివారం ఒంటిగంటకి, నాన్న మొదటి రెండు నంబర్లూ చదివి ఖాయం చేస్తాడు. అందులో ఉంటే రాత్రికి వచ్చి బండి తీసుకుంటాడు. లేకపోతే అట్టడుగుకి పోయి మళ్లీ పదకొండు రోజులు. ఆయన యార్డు వదిలి వెళ్లింది నా ఫోను సీరియల్‌ని నమ్మి.

"నన్ను వచ్చెయ్యమంటావేటి? ఈవిణ్ణి లోపలికి తీసుకెల్లేరు. మా అమ్మొక్కర్తే ఉన్నాది ఇక్కడ."

"రావొద్దన్నా. అక్కడే ఉండు. నీ నంబరు ఉంటాది," అన్నాను.

ఎలా ఉంటుందో నాకే తెలియదు. కానీ అన్నాను. నాకు భయమేసినప్పుడు గొంతు ఇంకా గట్టిగా వస్తుంది, అదొక జబ్బు.

నాన్నకి చెప్పాను. తిడతాడనుకున్నాను.

"సదివేవా?" అన్నాడు.

"నేదు."

నాన్న లేచి వెళ్లి క్యాలెండర్ తీసి కింద పెట్టాడు. బోర్డు మీద దుమ్ము చేత్తో తుడిచాడు. సుద్దముక్క లేకపోతే, రేట్లు పలక మీద రాసుకునే పక్క టీకొట్టులో అడిగి తెచ్చాడు. గుమ్మంలో నిలబడి కేకేశాడు.

"సీరియల్ పోయింది. అందరూ రండి."

యార్డులో ముప్ఫై ఎనిమిది బండ్లున్నాయి. వాటి మనుషులు ముప్ఫై మంది దాకా వచ్చారు. పోగొట్టింది నేనేనని నేనే చెప్పాను. ఒకరు "మరి కంప్యూటరు సదువులు సదివేవు కదమ్మా" అన్నారు. అనకపోతే ఆశ్చర్యపోవాలి గానీ.

ఎవరి నంబరు ఎంతో వాళ్లే చెప్పండి, రాసేసుకుందాం అన్నాను. నా తెలివి అక్కడిదాకానే నడిచింది. పొద్దున్న ఫోను చూసినవాడు ఒక అంకె చెప్పాడు, నిన్న సాయంత్రం చూసినవాడు ఇంకొకటి చెప్పాడు. మధ్యలో బండ్లు వెళ్లిపోయాయి కదా. రెండు నిమిషాల్లో తొమ్మిదో నంబరువాళ్లు ముగ్గురయ్యారు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు, అదే గొడవ. ఒకరి చొక్కా మీద ఇంకొకరి చెయ్యి పడబోతుండగా నాన్న బల్ల మీద గట్టిగా కొట్టాడు.

"నీదెంతని ఎవులడిగేరు? పదో నంబరని ఎవుడైనా సెప్తాడు. నీ ముందు బండేదో సెప్పు, నీ ఎనక బండేదో సెప్పు. రెండో ఆడు కూడా అదే మాటంటే రాస్తాను. నేకపోతే రాయను."

యార్డులో ఒక్కసారిగా గోల తగ్గింది. తన నంబరు ఎంతో గుర్తులేనివాడికి కూడా తన ముందు ఎవరో, వెనక ఎవరో గుర్తుంటుంది. పదిరోజులు ఒకచోట పడి ఉన్నవాళ్లు. ముందు బండివాడి దగ్గర ఉప్పు తెచ్చుకుని, వెనక బండివాడి స్టవ్వు మీద అన్నం వండుకుంటారు. స్నానానికి వెళ్తే తాళాలు వాళ్లకే ఇస్తారు. నేను క్యాలెండర్ వెనక తెల్లటివైపు జతలు జతలుగా రాస్తూ కూర్చున్నాను. గొలుసులో ఒక కడియానికి ఇంకో కడియం తగులుకున్నట్టు వరుస అల్లుకుంటూ వచ్చింది. నేను చదివిన పుస్తకాల్లో ఈ పద్ధతికి పెద్ద పేరే ఉంది. నాన్నకి పేరు అక్కర్లేదు.

పన్నెండుంబావుకల్లా మూడునుంచి ముప్ఫై ఎనిమిది దాకా తగులుకుపోయాయి. మొదటి బండి ఎవరిదో కూడా అందరికీ తెలుసు. ముసలాయన, బొబ్బిలి వైపు మనిషి. చిక్కు ఒక్కచోటే. నీ వెనక ఎవరయ్యా అంటే ఆయన తల గోక్కున్నాడు.

"నంబరు రాయించిన కాడ్నించీ నా బండి మెకానిక్కు షెడ్డులోనే ఉన్నాది మావా. నాను నిన్న వచ్చేను. ఎనక ఎవులున్నారో నాకు తెలీదు."

అంటే ఇరవై ఏడు సున్నా ఆరుకి సాక్ష్యం చెప్పవలసినవాడు ఇక ఒక్కడే, ఆయన వెనకవాడు. ఆ వెనకవాడెవరో తెలియగానే యార్డంతా నా వైపు చూసింది. నలభై ఒకటి పదహారు. వీళ్లిద్దరికీ మాటల్లేవు. పోయిన వేసవిలో ఘాట్ మలుపులో ఒకరి బండి అద్దం ఇంకొకరు రాసుకుపోయి పగలగొట్టారు. ఎవరిది తప్పో తేలలేదు. అప్పటినుంచీ టీకొట్టులో ఒకరు కూర్చుంటే ఒకరు లేస్తారు. ఈ పదకొండు రోజులూ ముందు వెనక బండ్లై ఉండి కూడా ఎవరి స్టవ్వు వాళ్లదే.

'నా ముందు ముసలాయనే' అని ఇతను ఒక్క మాటంటే చాలు. రెండో నంబరు అతనిదవుతుంది, రేపటి రాయపూరు లోడు అతనికి దొరుకుతుంది. కాదనడానికి యార్డులో ఎవరూ లేరు. నాకు తెలుసు గానీ, సీరియల్ పోగొట్టినదాని మాట ఎవరు వింటారు? నాన్నకీ తెలుసు. గుమస్తా తన నోటితో నంబరు చెప్పకూడదన్నది మళ్లీ ఆయన నియమమే.

అతను నెమ్మదిగా వచ్చాడు. మెడలో తువ్వాలు, చేతికి గ్రీజు. నాన్న సుద్దముక్క పట్టుకుని అడిగాడు.

"నీ ఎనక?"

చెప్పాడు. అది సరిపోయింది.

"నీ ముందు?"

అతను బోర్డుకేసి చూశాడు. ఒకటో నంబరుకీ తన నంబరుకీ మధ్య నాన్న ఒక్క వరుస ఖాళీ వదిలాడు. ఆ ఖాళీని కాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

"ఆడి పెల్లానికి ఏటైనాదంట?"

"ఇంకా అవలేదు. లోపలికి తీసుకెల్లేరంట," అన్నాను. నా గొంతు ఈసారి గట్టిగా రాలేదు.

అతను చేతికున్న గ్రీజు తువ్వాలుకి తుడుచుకున్నాడు. అంత శ్రద్ధగా చేతులు తుడుచుకున్న లారీ డ్రైవర్ని నేను మళ్లీ చూడలేదు.

"రాయి మావా. ఇరవై ఏడు సున్నా ఆరు. ఆడితో నాకు మాటల్లేవు, నిజమే. అంతమాత్రానికి ఆడి ఎనకాల నిలబడ్నేదని సెప్తానేటి?"

నాన్న రాశాడు. నాకు ఏడుపొచ్చింది. నేను ఏడ్చే మనిషిని కాదు, అందుకని ల్యాప్‌టాప్‌లోకి తల దూర్చాను.

సరిగ్గా ఒంటిగంటకి నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. తొలి నంబరు పిలిచాడు. ముసలాయన మొదటి పిలుపుకే ఉన్నానన్నాడు. తర్వాత "ఇరవై ఏడు సున్నా ఆరు" అని పిలిచాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు పాత నియమం. బోర్డు తిరిగి వచ్చిందంటే బోర్డుతోపాటు దాని పద్ధతులూ వచ్చినట్టే. మూడు పిలుపులకి మనిషి పలకాలి. మనిషి విజయనగరంలో ఉన్నాడు. నాన్న నా ముఖం చూడటం లేదు. ఆయన చూడడని నాకు తెలుసు, సొంత బామ్మర్దికి కూడా ఒకసారి అలాగే వంతు పోయింది. రెండోసారి పిలిచాడు. నేను పలకడానికి నోరు తెరిచాను గానీ నాకేం హక్కుంది, నాకు బండి లేదు, వరుసలో చోటు లేదు. మూడోసారి పిలిచాడు.

"ఉన్నాడు," అన్నాడు నలభై ఒకటి పదహారు, టీకొట్టు బల్ల మీంచి, గ్లాసు దించకుండానే. "ముందోడి తరఫున నానంటన్నాను. ఉన్నాడు. ఇంక కూత ఆపు మావా, టీ సల్లారిపోతన్నాది."

నాన్న ఒక్క క్షణం ఆగాడు. ముందు బండి తరఫున వెనక బండి పలకొచ్చా అన్న ప్రశ్న ఆ ఆఫీసులో ఎప్పుడూ రాలేదు. తర్వాత తల ఊపి, రెండో నంబరు కింద సుద్దతో గీత గీసి, ఆ రోజుకి ఖాయం చేయడం ముగించాడు.

మధ్యాహ్నమంతా కూర్చుని ముప్ఫై ఎనిమిది నంబర్లనీ బోర్డు చూసి కొత్త మిషన్‌లోకి ఎక్కించాను. నాన్న ఒక్కొక్కటీ చదివాడు, నేను తిరిగి చదివి కొట్టాను. నిల్వ పెట్టెకి తాళం వేశాను, కాపీలు వేరే చోట పెట్టాను. ఇప్పటికీ నా ఉద్యోగం చెరపడమే, ఇప్పటికీ నా అంత బాగా చెరిపేవాళ్లు లేరు. కాకపోతే ఎస్ కొట్టే ముందు చెరగబోయే పేర్లని పైకి మూడుసార్లు చదువుతాను. పక్క గదిలో మా ఆయన మొదట్లో ఎవరితో మాట్లాడుతున్నావని అడిగేవాడు, ఇప్పుడు అడగడం మానేశాడు. బోర్డు మీద క్యాలెండర్ మళ్లీ తగిలించలేదు.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉండగా ఆసుపత్రినుంచి ఫోనొచ్చింది. పాప పుట్టిందని, తల్లీ పిల్లా కులాసా అని, ఎనిమిదింటి బస్సుకి సాలూరు వచ్చేస్తున్నానని ఒక్క ఊపిరిలో చెప్పాడు.

"నంబరు ఫోనులో కనిపించింది సెల్లీ. రెండు. నాను ఎప్పుడూ అంటాను కదా, నీ కంప్యూటరు గట్టిదని."

ఇంకోసారైతే ఆ మెప్పు ఊరికే ఉంచేసుకునేదాన్ని.

"కంప్యూటరు కాదన్నా. అది పొద్దున్నే పోయింది, నానే పోగొట్టేను. నువ్వున్నావని సెప్పింది నీ ఎనక బండోడు. రెండుసార్లు సెప్పేడు."



"ఆడా?" అన్నాడు.

"ఆడే," అన్నాను.